రాయి లేని గోరీలు

మా నానీ పోయిన ఏడాదికి ఆమె గోరీ తలాపున ఒక రాయి పెడదామనుకున్నాం. పెద్ద కోరికేమీ కాదు. రెండడుగుల నాపరాయి. దాని మీద పేరు, పోయిన తారీఖు. ఉర్దూలో ఒక వరస, తెలుగులో ఒక వరస. అంతే. కొల్లేటి అంచున ఉన్న ఆ ఊళ్లో ఖబరస్థాన్ బాగోగులు చూసే పెద్దమనుషుల దగ్గరికి వెళ్లాం.

ఒకాయన ‘గోరీ మీద రాయి పెట్టడం దీన్‌లో లేదు’ అన్నాడు. ఇంకొకాయన ‘రాయి పెట్టొచ్చు, రాత మాత్రం వద్దు’ అన్నాడు. మూడో ఆయన లెక్క చెప్పాడు. ‘ఉన్నదే ఇంత జాగా. రాయి పాతితే ఆ చోటు ఎప్పటికీ మీదే అయిపోతుంది. రేపు పోయేవాళ్లని ఎక్కడ పెట్టమంటారు?’ నాలుగో ఆయన అర్జీ రాసిమ్మన్నాడు. చందా ఎంతో కూడా చెప్పాడు. లేచి వస్తుంటే వెనకనుంచి వినపడ్డ మాట మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ పొడిచింది. ‘ఖబరస్థాన్‌లో తెలుగేంటండీ?’

మా నానీకి ఉర్దూ మాట్లాడ్డమే తప్ప చదవడం రాదు. ఆమె మనవల్లో ఒకరిద్దరికి తప్ప ఎవరికీ రాదు. ఆమె పేరు వాళ్లు చదవాలంటే తెలుగే గతి. ఆ సంగతి పైకి చెప్పుకోడానికి అప్పుడు నోరు రాలేదు.

అర్జీ అటూ ఇటూ తిరిగేలోపల రెండు వానాకాలాలు వెళ్లిపోయాయి. మట్టి కుంగి గోరీ నేలలో కలిసిపోయింది. తీరా ఓ రోజు వెళితే ఇదా, పక్కదా అని గోరీలు తవ్వే ఆయన్ని అడగాల్సి వచ్చింది. ఆయన చూపించిన చోట ఫాతిహా చదివి వచ్చేశాం.

ఆ నలుగురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఇది ముందే ఒప్పుకోవాలి. గోరీకి గచ్చు చెయ్యొద్దనీ, దాని మీద కూర్చోవద్దనీ, దాని మీద కట్టొద్దనీ ప్రవక్త (స) చెప్పినట్టు జాబిర్ చెప్పిన హదీసు సహీ ముస్లింలో ఉంది. తిర్మిజీలో దానికి ‘రాయొద్దు’ అన్న మాట కూడా కలిసింది. మరోపక్క అబూదావూద్ సంకలనంలో ఉస్మాన్ బిన్ మజూన్ ఖననం సంగతి ఉంది. అక్కడున్న ఒకతను రాయిని ఎత్తలేకపోతే ప్రవక్తే చేతులు పైకి మడుచుకుని ఆ రాయి మోసుకొచ్చి తలాపున పెట్టారు. ఈయన గోరీ గుర్తుండాలి, మా వాళ్లను దీని దగ్గరే ఖననం చేస్తాను అన్నారు. అంటే గొప్పకు రాయి వద్దు. గుర్తుకు రాయి ఉండొచ్చు. రెండూ మన దీన్‌లోనే ఉన్నాయి.

రాత సంగతికొస్తే, హదీసు పండితుడు హాకిమ్ వెయ్యేళ్ల కిందటే ఒక మాట అన్నాడు. తూర్పు నుంచి పడమర దాకా ముస్లింల ఇమాముల గోరీల మీద రాతలున్నాయి, ఆచరణ ఆ నిషేధం ప్రకారం లేదు అని. 1836లో చనిపోయిన డమాస్కస్ హనఫీ పండితుడు ఇబ్నె ఆబిదీన్ ఇంకా తేటగా చెప్పాడు. గుర్తు చెరిగిపోకుండా, జనం తొక్కకుండా ఉండటానికి రాత అవసరమైతే తప్పులేదని. కోస్తా ముస్లింలలో ఎక్కువమంది హనఫీలే. మా కమిటీ పెద్దలూ హనఫీలే. అయినా ఆ ‘అవసరమైతే’ అన్న మాట మా దాకా రాలేదు. వద్దు అన్న మాట మాత్రం వచ్చింది.

ఈ తగువు మన ఊరిదే కాదు. మదీనాలోని జన్నతుల్ బఖీలో గోరీల మీది గుంబజులన్నీ 1925-26 ప్రాంతంలో కొత్త సౌదీ పాలకులు కూల్చేశారు. దానికి ప్రపంచమంతా ముస్లింలు ఏడ్చారు, కొట్లాడుకున్నారు. ఆ సౌదీ రాజులు తమ దాకా వచ్చినప్పుడు కూడా ఆ రూలే పాటించారు. 2005లో ఫహద్‌నీ, 2015లో అబ్దుల్లానీ రియాద్‌లో పేరులేని మట్టి గోరీల్లో పెట్టారు. మన దక్కన్‌లోనే రెండు దారులూ ఉన్నాయి. గోల్కొండలో కుతుబ్‌షాహీలు పెద్ద గుంబజుల కింద, పేర్లూ తేదీలూ చెక్కిన నల్లరాళ్ల కింద పడుకున్నారు. 1707లో పోయిన ఔరంగజేబు ఖుల్దాబాద్‌లో ఆకాశం కింద మట్టి గోరీ కోరుకున్నాడు. ఆ గోరీ ఉండాలా వద్దా అని 2025 మార్చిలో నాగపూర్ తగలబడింది. దేశం మాట్లాడేది పాదుషాల గోరీల గురించే. తివాచీలు నేసినవాళ్లూ, దూది ఏకినవాళ్లూ, చేపలు అమ్మినవాళ్లూ ఎక్కడున్నారో ఎవరికీ పట్టదు.

రాజుకి మట్టి గోరీ ఒక వినయం. పేరు ఎలాగూ చరిత్రలో ఉంటుంది కాబట్టి రాయి లేకపోయినా నష్టం లేదు. పేదవాడికి మట్టి గోరీ అంటే పేరు పోవడమే. ఒకే రూలు ఇద్దరికీ ఒకే ఫలితం ఇవ్వదు. మా చరిత్ర రాయాలని కూర్చున్నప్పుడల్లా మాకు తగిలే గోడ ఇదే.

మా నేల కూడా మాకు వ్యతిరేకంగానే ఉంది. కృష్ణా గోదావరుల మధ్య ఈ పల్లపు నేల అంతా ఒండ్రు. చేత్తో ఎత్తడానికి గులకరాయి దొరకదు. లోపల పక్కకు గూడు తొలిచే బగ్లీ గోరీ ఇక్కడ నిలవదు, గోడ జారిపోతుంది. అందుకే మధ్యలో పెట్టెలాగా తవ్వి పైన పలకలు పరిచే సందూఖీ గోరీనే మాకు అలవాటు. కొల్లేటి ఊళ్లలో వానాకాలంలో తవ్వుతుంటే నీళ్లు ఊరతాయి. తడి నేలైతే పెట్టెలో పెట్టి ఖననం చేయొచ్చని హనఫీ ఫిఖా పుస్తకాల్లోనే ఉంది. నేలను బట్టి చావు రూలు మార్చుకోడానికి మన పెద్దలు భయపడలేదన్నమాట. ఇక రాయి కావాలంటే బయటినుంచి రావాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, ఏలూరు కాలవ మీద పడవలు నడిచాక, ఆ తర్వాత రైలు వచ్చాక రాయి సులువైంది. దానికి ముందు రాయి కొనడమంటే ఉన్నవాళ్ల సంగతి. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేట్లో పడ్డ ప్రతిసారీ ఈ మట్టి గోరీలు ఎన్ని కలిసిపోయాయో లెక్క ఎవరు కట్టారు?

ఏలూరు పరగణా కాదు, సర్కారు. ఉత్తర సర్కారుల్లో ఒకటి. 16వ శతాబ్దంలో గోల్కొండ కిందికొచ్చింది. 1753లో సలాబత్ జంగ్ ఫ్రెంచివాళ్లకిచ్చాడు. 1759లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నం పట్టుకున్నారు. 1765లో షా ఆలం ఫర్మానా, 1766లో నిజాం అలీతో ఒప్పందం. స్కూలు పుస్తకాల్లో ఈ తేదీలన్నీ ఉన్నాయి. ఈ రెండొందల ఏళ్లలో ఏలూరులో సిపాయిలున్నారు, ఖాజీలున్నారు, ఫకీర్లున్నారు, లండన్ దాకా వెళ్లిన తివాచీలు నేసిన కుటుంబాలున్నాయి. నేసినవాళ్ల పేరు తివాచీ మీదా లేదు, గోరీ మీదా లేదు. అందుకే ‘మీరెప్పుడొచ్చారు, ఎక్కణ్నుంచొచ్చారు’ అని అడిగినప్పుడు మేం వేలు పెట్టి చూపించే చోటు ఉండదు. మాలో చాలామంది ఎక్కణ్నుంచీ రాలేదు. ఈ నేలలోనే పుట్టి కలిమా చదువుకున్నవాళ్లం. ఆ సంగతి చెప్పే రాయి కూడా లేదు.

రాయి ఉన్నవాళ్ల సంగతి చూడండి. మచిలీపట్నంలో డచ్చివాళ్ల సమాధులున్నాయి. పదిహేడో శతాబ్దం నాటివి. వంశచిహ్నాలూ పేర్లూ లోతుగా చెక్కి ఉంటాయి. కేంద్ర పురావస్తు శాఖ వాటిని కాపాడుతోంది. కాపాడాల్సిందే, మాకు అభ్యంతరం లేదు. 1905లో జె.జె.కాటన్ అనే సివిల్ సర్వీసు అధికారి మద్రాసు రాష్ట్రంలో యూరోపియన్ల సమాధి రాతలన్నీ జిల్లాలవారీగా ఏరి పెద్ద పుస్తకం వేశాడు. ఇక్కడ జ్వరమొచ్చి పోయిన చిన్న అధికారి పేరు కూడా దాంట్లో దొరుకుతుంది. అదే ఊళ్లో అదే జ్వరంతో పోయిన అతని బంట్రోతు పేరు దొరకదు.

ఆ సామ్రాజ్యం కోసం చచ్చినవాళ్లకీ అదే న్యాయం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆఫీసరైనా సిపాయైనా ఒకే కొలత రాయి అని గొప్ప రూలు పెట్టుకున్నారు. 2021లో ఆ కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థే తన తప్పు తాను ఒప్పుకుంది. భారతీయులూ ఆఫ్రికన్లూ ఎక్కువగా ఉన్న 45 వేల నుంచి 54 వేల మందికి సమానంగా గుర్తు పెట్టలేదనీ, ఇంకో 1 లక్షా 16 వేలమందికైనా పేరే లేకుండా చేశామనీ. వందేళ్ల తర్వాత ఆ తప్పు ఎలా బయటపడింది? రిజిస్టర్లు ఉన్నాయి గనక. రాయి లేకపోయినా ఎక్కడో కాగితం ఉంటే మనిషి మళ్లీ లేస్తాడు. రెండూ లేకపోతే?

ఇక సర్కారు రూలు సంగతి. మునిసిపాలిటీల్లో 1920 మద్రాసు చట్టం, తర్వాత 1965 ఆంధ్రప్రదేశ్ చట్టం. శ్మశానమైనా ఖబరస్థానైనా రిజిస్టరై ఉండాలి. కొత్త స్థలానికి అనుమతి కావాలి. రిజిస్టర్ కాని చోట పూడ్చకూడదు. ఆ స్థలాల వివరాలు రాసిన పుస్తకం మునిసిపల్ ఆఫీసులో ఉండాలి. 1969 జనన మరణాల చట్టం ప్రకారం ఖబరస్థాన్ చూసేవాళ్లు ప్రతి మరణాన్నీ తెలియజేయాలి. 1866లో మునిసిపాలిటీ అయిన ఏలూరుకైనా, 1958లో అయిన తాడేపల్లిగూడానికైనా ఇదే రూలు. గమనించారా? చట్టం ఖబరస్థాన్‌ని చూస్తుంది, గోరీని చూడదు. రాయి ఎంత ఉండాలి, ఎవరు పెట్టాలి, ఏ లిపిలో రాయాలి అన్నదంతా కమిటీకి వదిలేసింది. కమిటీకి రాసిపెట్టుకున్న రూలు ఉండదు. ఆ రోజు ఎవరు కూర్చుంటే వాళ్ల మాటే రూలు. చర్చిల సమాధుల తోటలకు కొలతా, రుసుమూ, అర్జీ ఫారమూ ఉన్న చోట్లు చాలా ఉన్నాయి. మాకు ఉన్నది ముఖం చూసి చెప్పే జవాబు.

గోరీని చూడని ఆ సర్కారే, తగువొచ్చినప్పుడు గోరీలు చూపించమంటుంది. అసలు చిక్కు ఇక్కడుంది. 1912లో ముల్తాన్ ఖబరస్థాన్ కేసులో ప్రీవీ కౌన్సిల్ ఒక మాట చెప్పింది. వక్ఫ్ చేసినట్టు కాగితం లేకపోయినా తరతరాలుగా ఖబరస్థాన్‌గా వాడిన నేల వాడుక వల్లే వక్ఫ్ అవుతుందని. దేశంలో మా ఖబరస్థాన్లలో ఎక్కువభాగం ఆ ఒక్కమాట మీద బతికాయి. 1998లో మన ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు కేసులోనే సుప్రీంకోర్టు ఒకసారి వక్ఫైతే ఎప్పటికీ వక్ఫే అంది. అయితే వాడుకను రుజువు చేయాలి. 2023లో సేలం ఖబరస్థాన్ కేసులో, పూర్వం ఎప్పుడో ఖననాలు జరిగినా ఆ తర్వాత కొనసాగినట్టు ఆధారం లేదు గనక అది వక్ఫ్ కాదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆధారం అంటే ఏమిటి? గోరీయే కదా. రాయి లేని గోరీ వందేళ్లకు ఖాళీ స్థలం. పైగా శరీరం మట్టిలో కలిసిపోయాక అదే చోట ఇంకొకరిని పెట్టొచ్చని మన ఫిఖా. పేదల కోసం ఆ వెసులుబాటు. దాంతో పాత గుర్తు మీద కొత్త గుర్తు, దాని మీద గడ్డి.

కాగితం సంగతి ఇంకా విచిత్రం. ఏలూరు గోరీలు కదల్లేదు, జిల్లాలు కదిలాయి. ముందు మచిలీపట్నం జిల్లా. 1859లో గోదావరి జిల్లా. 1904లో కృష్ణా. 1925లో పశ్చిమగోదావరి. 2022 ఏప్రిల్ 4 నుంచి ఏలూరు జిల్లా. అదే రోజు కైకలూరు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమగోదావరిలో ఉండిపోయింది. ఒక ఖబరస్థాన్ ఫైలు కోసం ఎన్ని కచేరీల మెట్లెక్కాలో లెక్కేసుకోండి. మధ్యలో 1948లో జమీందారీలు రద్దయ్యాయి. 1956లో ఇనాములు రద్దయ్యాయి. ఆ సెటిల్‌మెంట్లలో ఖాజీ ఇనాము, ఫకీరు ఇనాము, గోరీల దిబ్బ ఏ గడిలో పడితే దాని రాత అదే. చాలాచోట్ల ‘పోరంబోకు’ అని పడింది. అంటే సర్కారుది. మా తాతముత్తాతల ఎముకలున్నాయి, పేరు మాత్రం సర్కారుది. 1954 వక్ఫ్ చట్టం కింద సర్వే చేసి గెజిట్‌లో వేసినప్పుడు ఎక్కినవి ఎక్కాయి, ముతవల్లీ లేని చిన్న ఊళ్లవి జారిపోయాయి. కొల్లేరు చుట్టూ 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యమైంది. ఐదో కాంటూరు దాకా ప్రతి సెంటుకూ ఇప్పుడు హద్దుల కొట్లాటే. చేపల చెరువుల మధ్య మిగిలిన గోరీల దిబ్బకు ఏ కాంటూరు?

2025లో వక్ఫ్ చట్టానికి సవరణ వచ్చింది. ఏప్రిల్ 8 నుంచి అమల్లోకొచ్చింది. ‘వాడుక వల్ల వక్ఫ్’ అన్న మాటను నిర్వచనంలోంచి తీసేశారు. అప్పటికే రిజిస్టరైనవి ఉంటాయన్నారు. వివాదంలో ఉన్నవీ, ప్రభుత్వ భూములూ తప్ప. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో కొన్ని నిబంధనలు ఆపింది గానీ దీన్ని ఆపలేదు. ఇప్పుడు ఆ పోరంబోకు అన్న పాత గడిని, ఈ కొత్త మాటను పక్కపక్కన పెట్టి చదవండి. ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది అని తెలుగులో సామెత. మాకు కాడు కూడా కాగితం చూపించమంటోంది.

ఈ బాధ మా ఒక్కళ్లదే అని మేం అనడం లేదు. ఈ డెల్టాలో పూడ్చుకునే కులాలన్నిటికీ, ముఖ్యంగా దళితులకు, ఆరడుగుల నేల కోసం కొట్లాట ఉంది. వాళ్లనుంచి మేం నేర్చుకోవాల్సింది కూడా ఉంది. 1991 ఆగస్టు 6న చుండూరులో చంపిన దళితులను వాళ్లు తమ వాడలోనే ఖననం చేశారు. ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. సమాధిని సాక్ష్యంగా నిలబెట్టారు. మేం ఇంకా రాయి హలాలా హరామా అన్న దగ్గరే ఉన్నాం.

మాలోపలి మాట ఒకటి చెప్పకుండా ముగిస్తే అన్యాయం. రాళ్లున్న కొద్ది గోరీల్లోనూ ఆడవాళ్ల రాళ్లు చూడండి. ‘జౌజె ఫలానా’ అని ఉంటుంది. ఫలానావారి భార్య. కొన్నిటి మీద ఆమె పేరే ఉండదు. జనాజా వెంట ఆడవాళ్లు రారు. గోరీ ఎక్కడుందో కూతురికి తమ్ముడు చెప్పాలి. రాయి లేని గోరీ ఎవరికన్నా ముందు ఆడబిడ్డలకు పోతుంది. లిపి సంగతీ అంతే. 2022లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. సంతోషమే. కానీ మా పిల్లలు చదివేది తెలుగు. ఉర్దూ మా నాలుక, తెలుగు మా కన్ను. గోరీ మీద రెండూ ఉంటే దీన్‌కి వచ్చే నష్టమేమిటో ఎవరైనా చెప్పండి.

మేం గుంబజులు అడగడం లేదు. చలువరాతి గోరీలు అడగడం లేదు. ఉన్నవాడు నాలుగు గోరీల జాగా ఆక్రమించి పక్కా కట్టుకుంటే కమిటీ ఆపాల్సిందే. అడిగేది ఇది. ప్రతి ఖబరస్థాన్‌కు రాసిపెట్టిన రూలు ఉండాలి. అందరికీ ఒకే కొలత, చిన్న తలాపు రాయి, చందాతో పనిలేకుండా. దాని మీద ఒక నంబరు చాలు అన్నవాళ్లకు నంబరు. పేరు కావాలన్నవాళ్లకు తమ లిపిలో పేరు. మసీదులో ఒక రిజిస్టరు. దాంట్లో ఆడవాళ్లదైనా మగవాళ్లదైనా సొంత పేరు, తండ్రి పేరు, ఊరు, తారీఖు, గోరీ వరస. దాని నకలు మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో ఒకటి. ఖబరస్థాన్ నాలుగు మూలలా హద్దురాళ్లు. ఆ చోటు మళ్లీ తవ్వాల్సి వచ్చినా రిజిస్టర్లో పాత పేరు చెరగదు. ఉస్మాన్ బిన్ మజూన్ తలాపున పెట్టిన రాయి ఎంత పని చేసిందో ఇది అంతే పని చేస్తుంది. అంతకు మించి మేం అడగం.

మా నానీ గోరీకి రాయి ఇప్పటికీ లేదు. చోటే ఖాయంగా తెలియనప్పుడు ఎక్కడ పాతుతాం? మొన్న మళ్లీ అర్జీ ఇచ్చాం. ఈసారి రాయి అడగలేదు, రిజిస్టరు పెట్టమని అడిగాం. అర్జీ తెలుగులోనే రాశాం.